విలియం కేరీగారు – అనుకోని నష్టము



మన ఆత్మకూరు చుట్టుపట్ల గ్రామములలో ఇప్పుడు కొన్ని కుటుంబములకు కారు ఉన్నది. అది విలాసము కొరకు కొన్నది కాదు. కిరాయికి త్రిప్పి పిల్లల ఫీజులు కట్టుకొనువారు కొందరు. ముసలి తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు అప్పుచేసి కొన్నవారు కొందరు. అట్టి బండి ఒక దినమున దారిలో ఆగిపోవును. మెకానిక్కు చెప్పిన లెక్క విని ఇంటిల్లిపాదికి నోట మాట రాదు. దాచిన సొమ్ము చాలదు. భార్యాభర్తలు ఒకరినొకరు నిందించుకొందురు. ఇంటిలో ప్రార్థన కూడ ఆగిపోవును. అట్టివారి ఓదార్పు కొరకు ఈ నెల విలియం కేరీగారి జీవితమును తలంచుకొందము.

కేరీగారు 1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పురి అను పల్లెలో పుట్టెను. చెప్పులు కుట్టుట ఆయన నేర్చిన వృత్తి. పని చేయుచునే భాషలు నేర్చుకొనెను. 1793 నవంబరులో భార్యాబిడ్డలతో కలకత్తాలో దిగెను. మొదటి నెలలలోనే చేతిలోని డబ్బు అయిపోయెను. మరుసటి యేడు ఐదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. భార్య డొరతిగారికి మతి చలించెను; 1807లో ఆమె మరణించు వరకు ఆ బాధ తీరలేదు.

1800లో ఆయన శ్రీరామపురము చేరి, మార్ష్‌మన్, వార్డు అను సహోదరులతో కలిసి పని ఆరంభించెను. వారిది ఒకే కుటుంబము, ఒకే సంచి. కేరీగారి కాలేజీ జీతము, మార్ష్‌మన్ దంపతుల పాఠశాల రాబడి, వార్డుగారి అచ్చాఫీసు ఆదాయము అన్నియు అందులోనే పడుచుండెను. ఇంటి ఖర్చుకు కొంచెము ఉంచుకొని, మిగిలినది పరిచర్యకు వాడుచుండిరి.

1812 మార్చి 11 సాయంకాలము ఆ అచ్చాఫీసులో నిప్పు అంటుకొనెను. ఎట్లు అంటుకొనెనో తేలలేదు. కాగితము, పలు భాషల అక్షరములు, ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు కాలిపోయెను. కేరీగారు మన తెలుగు భాషకు వ్రాసిన వ్యాకరణము కూడ అందులో పోయెను. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. కేరీగారు అప్పుడు కలకత్తాలో ఉండెను. మరునాడు మార్ష్‌మన్‌గారు వెళ్లి ఆ సంగతి చెప్పెను. తిరిగివచ్చి ఆ శిథిలములను చూచినప్పుడు ఆయన కన్నీరు కార్చెను. విశ్వాసికి దుఃఖము రాదని ఎవరైనను చెప్పిన, అది సరికాదు.

అయితే వారు బూడిద ప్రక్కన కూర్చుండిపోలేదు. దానిని త్రవ్వి చూచిరి. అక్షర రూపములు చెక్కిన ఉక్కు ముద్రలు చెడక దొరికెను. ముద్రణ యంత్రములు ఐదు మిగిలెను. కరగి ముద్దయైన సీసమును ఏరి మరల అక్షరములు పోతపోసిరి. ఆ మధ్యనే ఖాళీయైన తమ గిడ్డంగిని అచ్చాఫీసు చేసికొనిరి. కొన్ని వారములలో అరవ అక్షరములు సిద్ధమాయెను. తరువాత ఒక్కొక్క భాష. నష్టమును దాచక స్వదేశములోని సంఘములకు తెలియజేసిరి. కబురు అందిన తరువాత సుమారు 50 దినములలో అక్కడి విశ్వాసులు 10,000 పౌండ్ల నష్టమును పూడ్చిరి. కేరీగారు తెలుగు వ్యాకరణమును మరల వ్రాసెను. అది 1814లో అచ్చాయెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అదే శ్రీరామపురమునుండి వెలువడెను.

ప్రతి నష్టమునకు ఇట్లు డబ్బు వచ్చునని మేము చెప్పజాలము. కేరీగారికే అట్లు జరుగలేదు. 1830 మొదలు కలకత్తాలోని పెద్ద వ్యాపార సంస్థలు దివాలా తీయగా మిషను సొమ్ము కొంత పోయెను; ఆయన కాలేజీ ఉద్యోగము కూడ ముగిసెను. అయినను బెంగాలీ బైబిలు చివరి సవరణను 1832లో ముగించి, 1834 జూన్ 9న నిద్రించెను. డబ్బు వచ్చినప్పుడును రానప్పుడును ఆయన పని ఒకటే.

కాబట్టి బండి చెడిన యింటివారు మొదట మిగిలినదేదో వెదకవలెను. చేతిలో పని ఉన్నది, ఒంటిలో బలమున్నది, తోడు నడచు సంఘమున్నది. ఎవరి తప్పు అని వాదించుట మాని, లెక్క ఇద్దరును కలిసి చూచుకొనవలెను. ఖర్చును దాచి రహస్యముగా వడ్డీకి అప్పు తేవలదు. అన్నియు ఒక్కసారి బాగుచేయలేనిచో అత్యవసరమైన మరమ్మతు మొదట చేయించవలెను. మనలో బండి నడచుచున్నవారు ఆగిన బండివారి రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. అదియే ఒకే సంచి గల కుటుంబపు గురుతు.

అగ్నిప్రమాదము తరువాతి ఆదివారము కేరీగారు కీర్తనలు 46:10పై ప్రసంగించెను. ఈ నెల మన కుటుంబ ప్రార్థనలో ఆ కీర్తనను చదువుకొందము.