ఆంబ్రోయిజ్ పారే

చేతిమీదనో మోకాలిమీదనో చిన్ననాటి గాయపు మచ్చ యొకటియైన లేని విద్యార్థి అరుదు. ఆ మచ్చ మాయుటకు ఏమి పూయవలెనని అందఱును అడుగుదురు. గాయము పచ్చిగా నున్ననాడు దానికేమి చేసితిరని అడుగువారు తక్కువ. నిజమునకు మచ్చ పెద్దదగుటయు చిన్నదగుటయు చాలవఱకు ఆ తొలినాళ్లలోనే తేలిపోవును. ఈ సంగతిని యుద్ధభూమిలో కన్నులార చూచి, పెద్దల గ్రంథములలోని మాటను త్రోసివేసిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే.

పారే 1510 ప్రాంతమున, ఫ్రాన్సు దేశపు వాయవ్యభాగమున, లావల్ పట్టణము చెంత సామాన్య కుటుంబమున జన్మించెను. ఆ కాలమున శస్త్రవైద్యము క్షౌరవృత్తితో కలిసియుండెను. లాటిను చదివిన వైద్యులు రోగి నాడి చూచి మందు చెప్పుదురే కాని కత్తి ముట్టరు. నెత్తురు తీయుట, కురుపు కోయుట, కట్టు కట్టుట మంగలి పనులు. మన పల్లెలలోను మొన్నమొన్నటివఱకు కురుపు కోయుటకు మంగలినే పిలుచుచుండిరి గదా! పారేకు లాటిను రాదు. అతడు క్షురకుల యొద్ద పని నేర్చి, పారిసు నగరమునందలి ఒతెల్-ద్యూ అను పెద్ద ధర్మాసుపత్రిలో సుమారు మూడేండ్లు రోగుల నడుమ మెలగెను. అతని విశ్వవిద్యాలయము అదియే.

1536-37 సంవత్సరములలో ఫ్రెంచి సేన ఇటలీలోని ట్యూరిన్ నగరముపైకి నడచినపుడు పారే దానివెంట వైద్యుడుగా పోయెను. తుపాకి గాయమును అతడు అంతకుముందు చూచి యెఱుగడు. జొవాన్ని ద విగో అను ఇటలీ వైద్యుడు తన గ్రంథమున తుపాకిమందు విషమనియు, ఆ విషము హరించుటకు గాయములో సలసల కాగిన నూనె పోయవలెననియు విధించియుండెను. తక్కిన వైద్యులందఱు అట్లే చేయుచుండుట చూచి పారేయు అట్లే చేసెను. ఇంతలో నూనె అయిపోయెను. గాయపడినవారు ఇంకను మిగిలియుండిరి. గత్యంతరము లేక పారే గ్రుడ్డులోని పచ్చసొన, గులాబి తైలము, టర్పెంటైను కలిపి ఆ మిగిలినవారి గాయములకు పూసి కట్టెను.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. నూనె పోయనివారందఱు విషమెక్కి తెల్లవాఱునప్పటికి చచ్చియుందురని భయపడి, చీకటితోనే లేచి పోయి చూచెను. పూతమందు వేసినవారు నొప్పి స్వల్పముగా, వాపు లేక, రాత్రి సుఖముగానే గడపియుండిరి. కాగిన నూనె పోయించుకొన్నవారు జ్వరముతో, గాయముచుట్టు వాపుతో, భరింపరాని బాధతో మూల్గుచుండిరి. నాటినుండి ఎవని గాయమును అట్లు కాల్పనని పారే నిశ్చయించుకొనెను.

అతడు కంటితో చూచినదానికి కారణము నేటి శాస్త్రమునకు తెలియును. కాగిన నూనె గాయమును శుద్ధి చేయదు. బ్రదికియున్న మాంసమును చంపి, గాయమును ఇంకను లోతు చేయును. గాయము ఎంత లోతైనదో, మానుటకు ఎంతకాలము పట్టినదో దానినిబట్టియే మచ్చ యేర్పడును. రెండు వారములలో మూసికొనిన కాలుడుగాయము తఱచు మచ్చ మిగుల్చదు. మూడు వారములు దాటినచో మచ్చ ఉబ్బి నిలుచునని భయపడవలసినదే.

ట్యూరిన్‌లో నున్నపుడే ఒక సేనాని వంటవాడు కాగుచున్న నూనె గంగాళములో పడెను. పారే చల్లని మందులకై మందుల దుకాణమునకు పరుగెత్తగా, అచట నున్న ఒక పల్లెటూరి ముసలమ్మ పచ్చి నీరుల్లిని ఉప్పుతో దంచి వేయుమని చెప్పెను. రాజాస్థాన వైద్యులైనచో నవ్వి పోయియుందురు. పారే వినెను. మఱునాడు ఉల్లి వేసినచోట బొబ్బలు లేవు, వేయనిచోట లేచియున్నవి. అంతటితో తృప్తి పడక, తుపాకిమందు అంటుకొని ముఖము కాలిన ఒక జర్మను భటునికి ముఖమున సగము భాగమునకు ఉల్లియు, సగమునకు వాడుక మందులును వేసి పోల్చి చూచెను. ఉల్లి వేసిన ప్రక్కనే బొబ్బలు లేకుండెను. ఒకే మనిషి ముఖముపై రెండు మందులను ఇట్లు పరీక్షింపవచ్చునని తోచుటయే నాకు ఆ ఉల్లికంటె గొప్పగా కనబడుచున్నది.

ఇది చదివి కాలినచోట ఎవరును ఉల్లిపాయ దంచి వేయకుందురు గాక. కాలినవెంటనే చల్లని నీటిధార క్రింద ఇరువది నిమిషములు ఉంచుటకు మించిన ప్రథమచికిత్స లేదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. సిరాయు, వెన్నయు, పేస్టును పనికిరావు. మచ్చలకై నేడు అమ్మెడి కొన్ని లేపనములలో ఉల్లిసారము ఉన్నమాట నిజమే కాని, దానిపై జరిగిన పరీక్షల ఫలితములు ఒకదానితో నొకటి పొసగుట లేదు.

గుప్తలేపనముల వెఱ్ఱి ఆనాడును లేకపోలేదు. ట్యూరిన్‌లో తుపాకి గాయములకు పేరుపడిన వైద్యుడొకడు తన తైలము సంగతి ఎవరికిని చెప్పడు. పారే రెండేండ్లు అతనిని ఆశ్రయించి, కానుకలిచ్చి రహస్యము సంపాదించెను. అప్పుడే పుట్టిన కుక్కపిల్లలను లిల్లీపూల తైలములో ఉడికించి, వానపాములను టర్పెంటైనును చేర్చుటయే ఆ రహస్యము! పారే దానిని దాచక తన గ్రంథములో అచ్చు వేసెను.

ముఖముపై గాయములను గూర్చి అతడు మఱింత జాగ్రత్త చూపెను. సూది పోటులు గాయపు మచ్చకు తోడు తమ మచ్చలనుగూడ విడుచును. కావున గాయమునకు ఇరుప్రక్కల జిగురు పూసిన గుడ్డముక్కలను అంటించి, చర్మమును గాక ఆ గుడ్డల అంచులను దగ్గఱకు లాగి కుట్టు విధమును అతడు తన గ్రంథమున బొమ్మతో సహా వివరించెను. నేడు ఆసుపత్రులలో చిన్న గాయములకు అంటించు పట్టీలు ఆ జాతివే.

మచ్చనుబట్టియే పేరుపడిన ప్రభువొకడు పారే గ్రంథములో కనబడును. 1545లో బులోన్ పట్టణము ముందు ఫ్రాన్స్వా ద గీజ్ ముఖములో శత్రువు బల్లెము కుడికంటి పైభాగమున దూరి, చెవి వెనుకకు వచ్చి విఱిగెను. కమ్మరి పట్టుకారుతో గాని అది ఊడి రాలేదు. తీసినవాడు పారేయే యని లోకవాడుక. ప్రభువు బ్రదికి, గాటుముఖమువాడను అర్థము గల బిరుదు పొందెను. విచిత్రమేమనగా, 1575లో అతని కుమారుడు హెన్రీయు ముఖమున గాయపడి అదే బిరుదు మోసెను.

అట్టి మచ్చలు కాలక్రమమున ఏమగును? గాయము మూసికొనిన తరువాత కొల్లాజెను అను నారలు తొందరపాటుగా అల్లుకొనును. మొదటి మాసములలో మచ్చ ఎఱ్ఱగా, గట్టిగా, దురదగా నుండును. శరీరము ఆ అల్లికను మెల్లగా విప్పి సవరించును. ఇట్లు ఒకటి రెండేండ్లలో మచ్చ మెత్తబడి, పల్లమై, రంగు తగ్గును. అయినను ఆ చర్మమునకు పూర్వపు బలములో నూటికి 80 వంతులకు మించి రాదు, వెండ్రుకలును స్వేదగ్రంథులును తిరిగి మొలవవు. మచ్చ క్రొత్తదిగా నున్నపుడు ఎండ తగులనీయరాదు. తగిలినచో, ముఖ్యముగా మనవంటి శ్యామవర్ణము వారికి, నల్లబడి నిలుచును. ఉబ్బిన మచ్చలకు సిలికోను పట్టీలు, కాలిన మచ్చలకు బిగుతైన తొడుగులు, మొండివానికి స్టెరాయిడు సూదిమందు, లేసరు కిరణములు నేడు వాడుకలో నున్నవి. గాయపు హద్దు దాటి పెరుగు కీలాయిడ్ అను మచ్చను ఊరక కోసివేసినచో మరల పెరుగుట సాధారణము. దేనికైనను నెలల తరబడి ఓపిక కావలెను.

పారే 1545లో తుపాకి గాయముల గ్రంథమును లాటినులో గాక ఫ్రెంచిలో వ్రాసెను. 1552లో, కాలు తీసివేసినచోట ఎఱ్ఱగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుట మాని, రక్తనాళములను దారముతో కట్టెను. 1554లో లాటిను రాకున్నను పారిసు శస్త్రవైద్యుల సంఘము అతనిని చేర్చుకొనెను. 1575లో అతని గ్రంథములన్నియు ఒక్కటిగా వెలువడినపుడు విశ్వవిద్యాలయ వైద్యులు అడ్డుపడిరి కాని ఆపలేకపోయిరి. రెండవ హెన్రీ మొదలు మూడవ హెన్రీ వఱకు నలుగురు రాజులను అతడు సేవించెను.

1561లో గుఱ్ఱము తన్ని అతని యెడమకాలి యెముకలు రెండును విఱిగి చర్మము చీల్చుకొని వెలికివచ్చెను. అట్టి గాయమునకు కాలు తీసివేయుటయే నాటి మార్గము. పారే తన కాలును కాపాడుకొని, మాన్చుకొని, కుంటు లేకుండ నడచెను. 1590 డిసెంబరు 20వ తేదీన పారిసులో మరణించెను. లావల్ పట్టణములో 1840లో అతని విగ్రహము నెలకొల్పిరి.