ఆంధ్రరత్నను బలిగొన్న క్షయ

బెజవాడలో ఆంధ్రరత్న భవన్ తెలియనివాళ్ళు తక్కువ. ఆ పేరుగల దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 39 ఏళ్ళకే క్షయతో చనిపోయారని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. కూలినాలి చేసుకునే మనం ఆ కథ తెలుసుకోవాలి.

ఆయన 1889 జూన్ 2న అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజునే తల్లి కన్నుమూసింది. మూడో ఏట తండ్రి పోయారు. పినతండ్రి, నాయనమ్మ పెంచి పెద్దచేశారు. హైస్కూలు చదువయ్యాక బాపట్లలో ఏడాది ఉద్యోగం చేశారు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో ఎడింబరో వెళ్ళి ఎం.ఏ. చదివారు. తిరిగొచ్చి రాజమండ్రిలోనూ, బందరు జాతీయ కళాశాలలోనూ పాఠాలు చెప్పారు. ఆ ఉద్యోగాల్లో నిలబడివుంటే హాయిగా బతికేవారు. అది కాదనుకుని ప్రజల్లోకి దిగారు.

చీరాల, పేరాల గ్రామాలను మునిసిపాలిటీ చేసి బ్రిటీషు ప్రభుత్వం పన్నులు విపరీతంగా పెంచింది. గోపాలకృష్ణయ్య నాయకత్వాన 1921లో వేలాది జనం ఇళ్ళు వదిలి, ఊరి బయట పాకలు వేసుకుని, రామనగరమని పేరు పెట్టుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చి పదకొండు నెలలు నిలబడ్డారు. ఆ ఏడాదే బెజవాడ కాంగ్రెసు సభల్లో ఆయన రామదండు సేవ చేసింది. ఆ ఏడాదే నిషేధాజ్ఞ ధిక్కరించినందుకు తిరుచిరాపల్లి జైల్లో ఏడాది శిక్ష పడింది.

చివరి రోజులు దరిద్రంలో గడిచాయి. దాని వెనకే క్షయ వచ్చింది. 1928 జూన్ 10న కన్నుమూశారు. క్షయను చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో.

మందు వచ్చినా జబ్బు పోలేదు. ఎందుకని? క్షయ క్రిమి ఒంట్లో చేరిన వాళ్ళందరికీ జబ్బు రాదు. చిన్నప్పుడు చేరింది ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. తిండి తగ్గి ఒళ్ళు చిక్కినప్పుడు లేస్తుంది. జార్ఖండ్‌లో రోగుల ఇళ్ళలోని వాళ్ళకు బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చి చూస్తే, కొత్తగా జబ్బుపడే వాళ్ళు దాదాపు 40 శాతం తగ్గారని 2023లో తేలింది.

ఒక్క క్షయే కాదు. 1987–90లో హైదరాబాదు దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ అదనపు తిండి పెట్టారు. ఆ పిల్లలు 13–18 ఏళ్ళవాళ్ళయ్యాక పరీక్షిస్తే, తిండి అందని పల్లెల పిల్లలకన్నా కాస్త పొడవు పెరిగారు. గుండెజబ్బుకూ, చక్కెరజబ్బుకూ దారితీసే లక్షణాలు కూడా వాళ్ళలో తక్కువే. అంటే పసితనంలో కడుపుకి పడ్డ కోత పెద్దయ్యాక జబ్బుగా బయటపడొచ్చు.

డెల్టాలో నెలలు నిండేదాకా నాట్లకు వంగే తల్లికీ, గట్టుమీద నిద్రపోయే బిడ్డకూ వర్తించే సంగతి ఇది. కూలిరేట్ల కోసం, భూమి కోసం పోరాడే సంఘం, అంగన్‌వాడీలో గుడ్డూ పాలూ సరిగా అందుతున్నాయో లేదో కూడా నిలదీసి అడగాలి. అది దానం కాదు, కూలి బిడ్డల ఆయుష్షు.