ఘంటసాలవారి గీతాగానము

శ్రీ ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా చౌటపల్లిలో జన్మించిరి. విజయనగరములో మధూకరముతో కడుపు నింపుకొనుచు, శ్రీ పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని సంగీతము నభ్యసించిరి. చలనచిత్ర గానమున వారి కీర్తి జగద్విదితమే గదా!

1972లో మన జంటనగరములందే, రవీంద్రభారతిలో కచేరీ చేయుచుండగా గుండెనొప్పి వచ్చి వైద్యశాలలో చేరిరి. చికిత్స చాలకాలము జరిగినది. వేణువైనను గళమైనను ఊపిరిపైననే నిలుచును. ఎదలో నొప్పి గాయకునకెంతటి పరీక్షయో, నిత్యము పారాయణము చేయు మాబోంట్లకు తెలియును. పాదము మధ్యలో ఊపిరి చాలకున్న పదము విరుగును, అర్థము చెడును. అయినను కోలుకొనిన పిమ్మట వారు భగవద్గీతకే పూనుకొని, ఎంపిక చేసిన శ్లోకములను తాత్పర్యసహితముగా ఆలపించి పూర్తి గావించిరి. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పరమపదించిరి. ఆ గీతాగానము నేటికిని ఆలయములలో వినవచ్చుచున్నది.