బాధ్యత తెలిసిన సంసారి – లెఫ్కాడియో హెర్న్

గ్రీకు దీవిలో పుట్టి, ఐర్లండులో పెరిగి, అమెరికాలో పత్రికా రచయితగా పేరు తెచ్చుకుని, చివరకు జపాను మట్టిలో కలిసిపోయిన లెఫ్కాడియో హెర్న్ పేరు సాహిత్యాభిమానులకు కొత్త కాదు. జపాను వారి పాత దయ్యాల కథలను 'క్వైదాన్' అనే పుస్తకంగా ఇంగ్లీషులో ప్రపంచానికి అందించినది ఆయనే. అయితే పెన్షనర్లమైన మనకు ఆయన రచనలతో పాటు ఆయన సంసారం నడిపిన తీరు కూడా తెలుసుకోదగినది.

హెర్న్ 1850 జూన్ 27న లెఫ్కాడా దీవిలో జన్మించారు. ఆ దీవి పేరే ఆయనకు పెట్టారు. తల్లి రోజా గ్రీకు స్త్రీ. తండ్రి చార్లెస్ హెర్న్ బ్రిటిష్ సైన్యంలో వైద్యుడు, ఐరిష్ వాడు. రెండేళ్ల వయసులో తల్లి బిడ్డను వెంటబెట్టుకుని డబ్లిన్ లోని అత్తవారింటికి వచ్చింది. భాష రాదు, వాతావరణం పడదు, భర్త దూరదేశాల్లో ఉద్యోగం. కొంతకాలానికి బిడ్డను అక్కడే వదిలి స్వదేశానికి వెళ్లిపోయింది. ఆమెకు చదువు రాదు. వివాహ పత్రం మీద ఆమె సంతకం లేదన్న కారణం చూపి తండ్రి ఆ పెళ్లిని రద్దు చేయించుకున్నాడు. ఒక్క సంతకం లేకపోవడంతో ఒక ఇల్లాలి కాపురం చట్టం దృష్టిలో లేకుండా పోయింది.

1857లో తండ్రి మరొక వివాహం చేసుకుని ఉద్యోగరీత్యా వచ్చింది మన సికింద్రాబాదుకే. ఇక్కడ ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు కలిగారు. రెండవ భార్య 1861లో మరణించింది. 1866లో ఆయన కూడా సూయజ్ వద్ద మలేరియాతో కన్నుమూశాడు. సికింద్రాబాదుకు బయలుదేరిన తండ్రిని హెర్న్ మళ్లీ చూడలేదు.

పెంచిన నాయనమ్మ వరస ఆవిడ ఆస్తి పోగొట్టుకుంది. బడిలో ఆటలో తగిలిన దెబ్బకు హెర్న్ కు ఎడమ కన్ను పోయింది. 1869లో పందొమ్మిదేళ్ల వయసులో ఆయనను అమెరికా పంపించేశారు. సిన్సినాటిలో ఆకలితో తిరిగి, క్రమంగా పత్రికా విలేఖరి అయ్యారు. అక్కడ 1874లో ఒక నల్లజాతి స్త్రీని వివాహమాడారు. అటువంటి పెళ్లి ఆ రాష్ట్ర చట్టానికి విరుద్ధం. ఆ కారణంగా ఉద్యోగం పోయింది, కాపురమూ నిలవలేదు. అలా చట్టం గుర్తించని సంసారం ఎలా ఉంటుందో ఆయన రెండుసార్లు చూశారు, ఒకసారి బిడ్డగా, ఒకసారి భర్తగా.

1890లో జపాను చేరి, మత్సుయే పట్టణంలో నెలకు 100 యెన్ల జీతం మీద ఇంగ్లీషు ఉపాధ్యాయుడయ్యారు. మరుసటి ఏడాది కొయిజుమి సెత్సును పెళ్లాడారు. ఆమెది ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన సమురాయ్ కుటుంబం. తరువాత 200 యెన్ల జీతానికి కుమమోతో వెళ్లినప్పుడు ఆమెను పెంచిన తల్లిదండ్రులు, ముసలి తాతగారు కూడా ఆ ఇంట్లోనే ఉన్నారు. పుట్టినిల్లు ఎరుగని మనిషి అంతమందికి అన్నం పెట్టే ఇంటి పెద్ద అయ్యారు.

1893లో పెద్ద కుమారుడు కజువో పుట్టాడు. అప్పటి నుంచి హెర్న్ కు ఒకటే దిగులు. జపాను నిబంధనల ప్రకారం విదేశీయుని పెళ్లాడిన స్త్రీ తన పౌరసత్వం కోల్పోతుంది, పిల్లలూ విదేశీయులవుతారు. పెళ్లిని నమోదు చేయకుండా వదిలేస్తే తన తదనంతరం భార్యాబిడ్డలకు తన ఆస్తి మీద హక్కు ఉండదు. విదేశీ ఉపాధ్యాయులకు జపాను వారికంటే జీతాలు చాలా ఎక్కువ. తాను జపాను పౌరుడైతే ఆ సౌకర్యం పోవచ్చునని ఆయనకు తెలుసు. అయినా వెనుకాడలేదు. 1896లో అత్తవారి కుటుంబంలోకి దత్తత వెళ్లి, కొయిజుమి యకుమో అనే పేరుతో జపాను పౌరుడయ్యారు. మన వైపు మాటలో చెప్పాలంటే పేరూ ఇంటిపేరూ కూడా మార్చుకున్న ఇల్లరికపుటల్లుడు.

అదే ఏడు టోక్యో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. ఇంటి దగ్గర కజువోకు ఇంగ్లీషు స్వయంగా నేర్పేవారు. వేసవిలో పిల్లలను యాయిజు సముద్రతీరానికి తీసుకువెళ్లి ఈత నేర్పేవారు. రాత్రిపూట సెత్సు దీపం వత్తి తగ్గించి పాత కథలు చెబుతుంటే వినేవారు. పుస్తకం చూసి చదవవద్దని, సొంత మాటలతోనే చెప్పమని ఆయన పట్టు. ఆ కథలే ఆయన పుస్తకాలయ్యాయి.

1903లో విశ్వవిద్యాలయం ఆయన ఉద్యోగాన్ని కొనసాగించలేదు. విద్యార్థులు అభ్యంతరం చెప్పినా ఫలితం లేకపోయింది. మరుసటి ఏడు వసేదా విద్యాలయంలో చేరారు. గుండెనొప్పి వచ్చినప్పుడు, తాను పోతే ఏడవవద్దని, చౌకలో ఒక చిన్న కుండ కొని అందులో అస్థికలు ఉంచి ఊరికి దూరంగా ఏదైనా గుడిలో పూడ్చమని, పిల్లలతో పేకాట ఆడుకుంటూ ఉండమని భార్యకు చెప్పారు. 1904 సెప్టెంబరు 26న తమ 54వ ఏట కన్నుమూశారు. అప్పటికి పెద్దవాడికి పదకొండేళ్లు నిండలేదు. నలుగురిలో చివరిదైన ఆడపిల్లకు ఏడాది వయసు.

ఇల్లు, పుస్తకాల హక్కులు ఏ చిక్కూ లేకుండా భార్యాబిడ్డలకు దక్కాయి. అమెరికా నౌకాదళ అధికారి, మిత్రుడు మిచెల్ మెక్‌డొనాల్డ్ అండగా నిలిచాడు. సెత్సు నలుగురు పిల్లలనూ పెంచి పెద్దచేసి, భర్తను గురించి జ్ఞాపకాలు రాసి, 1932లో మరణించింది. మత్సుయేలో ఆయన పేర వెలసిన స్మారక మ్యూజియం బాధ్యతను మునిమనవడు చేపట్టారు.

భార్యాబిడ్డల మీద ప్రేమ లేనివారు మనలో ఎవరుంటారు? కాని పెన్షను పత్రంలో భార్య పేరు ఒక విధంగా, ఆధారాలలో మరొక విధంగా ఉండి, భర్త పోయిన దుఃఖంలోనే ఆఫీసుల చుట్టూ తిరిగే తల్లులను మనం చూస్తూనే ఉన్నాం. బతికుండగానే ఒక పూట కూర్చుని ఆ కాగితాలు సరిచూడడం కూడా ప్రేమలో భాగమే. ఒక సంతకం లేక తల్లి నష్టపోతే, ఆమె కొడుకు తన భార్యకు ఆ గతి పట్టకుండా చూసుకున్నారు.