కెన్నెత్ ఆండర్సన్

కెన్నెత్ ఆండర్సన్ (మార్చి 8, 1910 - ఆగష్టు 30, 1974) దక్షిణ భారతదేశపు అడవులను గురించి, నరమాంసం మరిగిన పులులను గురించి ఆంగ్లంలో పుస్తకాలు వ్రాసిన వేటగాడు. తరతరాలుగా భారతదేశంలో స్థిరపడిన స్కాటిష్ కుటుంబానికి చెందినవాడు. సికింద్రాబాదు సమీపంలోని బొల్లారంలో జన్మించాడు. బెంగుళూరులో చదువుకొని, తంతి తపాలా శాఖలోను, ఆ తరువాత విమానాల కర్మాగారంలోను ఉద్యోగం చేశాడు. వేట అతనికి జీవనోపాధి కాదు. కన్నడ, తమిళ భాషలు తెలిసినవాడు కావడంతో పల్లెజనంతో, అడవిలో నివసించేవారితో నేరుగా మాట్లాడగలిగేవాడు.

తూర్పు కనుమలలో

అతని కథలలో తెలుగు నేల తరచు కనిపిస్తుంది. అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ, మామండూరు, నల్లమలలో చెంచులు నివసించే అడవుల నడుమ ఉన్న దిగువమెట్ట వాటిలో ముఖ్యమైనవి.

వేటకుక్క, ఊరకుక్క

పక్షులను వేటాడేవారు కుక్కకు కూనగా ఉన్నప్పటినుండే శిక్షణ ఇస్తారు. మొదట మెత్తని మూటను విసిరి తెప్పిస్తారు. తుపాకి మోతను దూరం నుండి మొదలుపెట్టి క్రమంగా దగ్గరలో వినిపిస్తారు. బెదరడం మానిన తరువాతనే అసలు పిట్టను తెమ్మంటారు. తొందరపడితే కుక్క జీవితాంతం తుపాకికి జడుస్తుంది. చిరుతపులి వేటలో ఈ విద్య అంతగా పనికిరాదు, ఎందుకంటే కుక్క చిరుతకు ఇష్టమైన ఆహారం.

ఆండర్సన్‌కు తోడైన కుక్క ఏ శిక్షణా లేనిది. ఇప్పటి కర్ణాటక-తమిళనాడు సరిహద్దులలోని గుమ్మళాపురం ప్రాంతంలో ఒక చిరుత 42 మందిని చంపిందని అతడు వ్రాశాడు. ప్రొద్దు క్రుంకకముందే జనం తలుపులు బిగించుకొనేవారు. చిరుత కోసం కాచుకొని ఉన్న రోజులలో బక్కచిక్కిన ఊరకుక్క ఒకటి అతనిని చేరింది. చీకటిలో అతని కంటికి ఏమీ కనిపించని వేళ చిరుత రాకను ఆ కుక్కే పసిగట్టి హెచ్చరించింది. ఆ చిరుత చివరకు అతని చేతిలోనే చచ్చింది. ఆండర్సన్ ఆ కుక్కను బెంగుళూరుకు తీసుకువెళ్ళి, నిప్పర్ అని పేరు పెట్టి పెంచుకొన్నాడు. పులికథలకు పేరొందిన ఈ రచయిత, తన ప్రాణం నిలిపిన ఘనతను తుపాకికి కాక ఒక ఊరకుక్కకు ఇవ్వడం విశేషం.

రచనలు, చివరి రోజులు

ఈ కథ ఉన్న అతని తొలి పుస్తకం 1954లో వెలువడింది. తరువాతి రచనలలో కొన్నింటిని కన్నడ రచయిత పూర్ణచంద్ర తేజస్వి తన భాషలోకి తెచ్చాడు. వయసు మళ్ళేకొద్దీ ఆండర్సన్ తుపాకి కంటె కెమెరా వైపు మొగ్గు చూపాడు. అడవులు తరిగిపోవడం గురించి, దొంగవేట గురించి బాధతో వ్రాశాడు. క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. అతని చివరి పుస్తకం మరణానంతరం, 1976లో అచ్చయింది.