పాదరసంతో మొదలైన పరంపర

కాకినాడ: 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శనను ప్రారంభించినది బక్కపలుచని బెంగాలీ ఆచార్యుడొకరు. ఆ రాట్నం ప్రచారకుడే కలకత్తాలో అకర్బన రసాయన పరిశోధనకు పునాది వేసిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే అన్న సంగతి నేటి విద్యార్థులలో ఎందరికి తెలుసో!

రే 1861 ఆగస్టు 2న, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఖుల్నా ప్రాంతంలో జన్మించారు. గిల్‌క్రిస్ట్ ఉపకార వేతనంతో ఎడింబరో వెళ్లి, 1887లో డి.ఎస్సీ. పట్టం పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి దాదాపు ఏడాది ఉద్యోగం కోసం వేచి ఉండవలసి వచ్చింది. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతంపై సహాయాచార్యునిగా చేరారు. ఉన్నతశ్రేణి విద్యాసర్వీసు ఆనాడు ఆంగ్లేయుల సొత్తు. డి.ఎస్సీ. ఉన్నా భారతీయునికి దానిలో చోటు దక్కలేదు.

1895లో ఆయన పాదరసంపై చల్లని సజల నత్రికామ్లాన్ని ప్రయోగించగా పసుపుపచ్చని స్ఫటికాలు ఏర్పడ్డాయి. మొదట వాటిని మరొక లవణంగా భావించారు. విశ్లేషణలో అవి మెర్క్యురస్ నైట్రైట్ అని తేలింది. అస్థిరమైన రెండు అయాన్లు కలిసి స్థిరమైన పదార్థంగా నిలవడమే అందులోని విశేషం. మరుసటి ఏడాది ఆ ఫలితం ప్రకటితమైంది. అక్కడినుంచి నైట్రైట్లే ఆయన జీవిత పరిశోధన అయ్యాయి.

అయితే ఆయన అసలు కృషి సీసాలలో కంటే శిష్యులలోనే కనిపిస్తుంది. పట్టం పుచ్చుకున్నవారు న్యాయవాద వృత్తికో, గుమాస్తా కొలువుకో పరుగెత్తే రోజులవి. ఆ స్థితిలో నీలరతన్ ధర్, జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ వంటి యువకులను ఆయన ప్రయోగశాలలో నిలిపారు.

తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ అనే ఇద్దరు న్యాయవాదుల దానంతో, అశుతోష్ ముఖర్జీ పూనికతో కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాల ఏర్పడింది. అక్కడి పాలిత్ పీఠాలు భారతీయులకే దక్కాలన్నది దాత నిబంధన. 1916లో రే ఆ రసాయన శాస్త్ర పీఠాన్ని అధిష్ఠించారు. బ్రహ్మచారి అయిన ఆయన కళాశాల భవనంలోని గదిలోనే నివసించారు. అరవయ్యేళ్లు నిండిన 1921 నుంచి 1936లో విరమించే వరకు తన జీతాన్ని శాఖాభివృద్ధికి, పరిశోధక వేతనాలకు వదిలేశారు. రసవాదిగా ప్రసిద్ధుడైన నాగార్జునుని పేరిట బహుమతికి 1922లో పదివేల రూపాయలిచ్చారు. 1924లో ఏర్పడిన భారత రసాయన సంఘానికి తొలి అధ్యక్షులు కూడా ఆయనే.

ఆయన శిష్యుడు ప్రియదారంజన్ రే అదే శాఖలో సమన్వయ సమ్మేళనాల పరిశోధనను పెంచి పెద్దచేశారు. 1943లో ప్రియదారంజన్, దత్ ప్రతిపాదించిన అణువుల మెలిక విధానం రే–దత్ మెలిక పేరుతో నేటికీ అకర్బన రసాయన గ్రంథాలలో ఉంది.

ప్రఫుల్ల చంద్ర 1944 జూన్ 16న కలకత్తాలో కన్నుమూశారు.

ఆ పరంపర మన తీరానికీ చేరింది. ధర్ అలహాబాదులో ఆచార్యులయ్యారు. ఆయన వద్ద పరిశోధన చేసిన జి. గోపాలరావు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీరియం, వనేడియం లవణాలతో అంశమాపన పద్ధతులపై విస్తృతంగా కృషి చేశారు. ఆయన పత్రాలు విదేశీ పరిశోధనా పత్రికలలో వరుసగా వెలువడ్డాయి.