సామాన్ల లెక్క వదిలి జీపెక్కిన హవల్దార్ అబ్దుల్ హమీద్

పరమవీర్ చక్ర గ్రహీత అబ్దుల్ హమీద్ పేరు ముందు ఓ పొడవాటి హోదా కనిపిస్తుంది. కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. జవాన్లకు రేషన్, దుస్తులు, సామాన్లు అందేలా చూసుకునే ఉద్యోగమది. 1965 సెప్టెంబర్‌లో యుద్ధం వచ్చేనాటికి ఆయన చేతిలో ఉన్నది ఈ పనే. మరి ట్యాంకుల ముందుకు ఎలా వెళ్లారు?

ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో 1933 జులై 1న దర్జీ కుటుంబంలో పుట్టారు హమీద్. కుట్టుపని ఆయనను ఇంట్లో నిలపలేకపోయింది. 1954 డిసెంబర్‌లో ఫౌజులో చేరి, 4 గ్రెనేడియర్స్ బెటాలియన్‌కు వచ్చారు. 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు ఆ బెటాలియన్ నేఫా కొండల్లోని నమ్‌కా చూ దగ్గర ఉంది. ఓటమి తరువాత భూటాన్ మీదుగా నడిచి బయటపడ్డవాళ్లలో ఆయన కూడా ఒకరు.

హమీద్‌కు బాగా పట్టుబడిన విద్య ఆర్‌సీఎల్ గన్. 106 మిల్లీమీటర్ల ఆ ట్యాంకు విధ్వంసక తుపాకీని జీపు మీద బిగించేవారు. గుండు పేలగానే వెనుక నుంచి మంట, దుమ్ము లేచేవి. గన్ ఎక్కడుందో శత్రువుకు వెంటనే తెలిసిపోయేది. కాబట్టి ఒక్క దెబ్బ కొట్టి జాగా మార్చాలి. చుట్టూ ఇనుప కవచం ఉండదు, పైకప్పూ ఉండదు. ప్రమోషన్ వచ్చి క్వార్టర్ మాస్టర్ అయ్యాక ఆ గన్‌తో ఆయనకు పని లేకుండా పోయింది. కానీ యుద్ధం ముంచుకొచ్చేసరికి ఆ దళాన్ని నడిపే అనుభవజ్ఞులు తక్కువయ్యారు. పాత పని మళ్లీ ఆయన మీదే పడింది.

పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ సెక్టార్, చీమా గ్రామం. పాకిస్తాన్ ఒకటో ఆర్మర్డ్ డివిజన్ అమెరికా తయారీ ప్యాటన్ ట్యాంకులతో వచ్చింది. సెప్టెంబర్ 10 ఉదయం 8 గంటలకు దాడి మొదలైంది. తొమ్మిదయ్యేసరికి ట్యాంకులు ముందు వరుసలోకి చొచ్చుకొచ్చాయి. గుళ్ల వానలోనే హమీద్ తన జీపును పక్కవైపు నుంచి తీసుకెళ్లి ముందున్న ట్యాంకును పేల్చారు. జాగా మార్చి ఇంకోదాన్ని తగలబెట్టారు. అప్పటికి మిగతా ట్యాంకులు ఆయనను కనిపెట్టేశాయి. అన్నీ ఆ జీపునే గురిపెట్టాయి. ఆయన మరో ట్యాంకుపై కాల్పులు ఆపలేదు. అంతలో ఒక షెల్ వచ్చి తగిలింది. అప్పటికి హమీద్ వయసు 32.

మొత్తం ఎన్ని ట్యాంకులు కూల్చారన్నదానిపై ఒక్కో పుస్తకం ఒక్కో అంకె చెబుతుంది. ఆ లెక్కల తగాదా ఇక్కడ అక్కర్లేదు. పైకప్పు లేని జీపులో, మొదటి దెబ్బకే తన జాడ తెలిసిపోతుందని తెలిసీ, రెండోసారి గురిపెట్టడమే అసలు విషయం. ఆ యుద్ధాన్ని అక్కడి ఊరి పేరుతో అసల్ ఉత్తర్ అంటారు. అసలైన జవాబు అని దానర్థం. షహీద్ హమీద్ సమాధి కూడా ఆ నేల మీదే ఉంది.

1966 గణతంత్ర దినోత్సవాన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా భార్య రసూలన్ బీబీ పరమవీర్ చక్ర అందుకున్నారు. 1988లో దూరదర్శన్ సీరియల్‌లో నసీరుద్దీన్ షా హమీద్ పాత్ర వేశారు. 2000లో తపాలా బిళ్ల విడుదలైంది.

పతకం ఇంటికొచ్చినా రసూలన్ బీబీకి అడగాల్సినవి మిగిలే ఉన్నాయి. 2008లో రాష్ట్రపతి ప్రతిభా పాటిల్‌ను కలిసి, భర్త ఇంటిని స్మారకంగా మార్చాలని, వర్ధంతిని దేశమంతా జరపాలని, ఊరి దగ్గర సైనిక భర్తీ కేంద్రం పెట్టాలని, మనవళ్లకు ఉద్యోగాలివ్వాలని కోరారు. భర్త పోయి అప్పటికి నలభై మూడేళ్లు. 2017 సెప్టెంబర్ 10న ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్ ధాముపూర్ వచ్చి నివాళులర్పించారు. రెండేళ్లకు, 2019 ఆగస్టులో, రసూలన్ బీబీ కన్నుమూశారు.